ఆ సగం లెక్కా, విచ్చలవిడితనం మాటా రెండూ సరిచేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలో నల్లజాతి గే, బైసెక్సువల్ మగవాళ్లలో హెచ్‌ఐవీ గురించి వచ్చిన వ్యాసం చదివానండి. మన పేపర్లలో ఈ విషయం రావడమే తక్కువ కాబట్టి ముందు సంతోషమేసింది, కానీ చదువుతూ పోతుంటే రెండు చోట్ల మనసు చివుక్కుమంది. ఒకటి, వాళ్లలో సగం మందికి హెచ్‌ఐవీ ఉందని రాసేశారు. రెండోది, దానికి కారణం వాళ్ల విచ్చలవిడి జీవితమేనని, అందుకే అక్కడి ప్రభుత్వం ప్రవర్తన మార్పు కార్యక్రమాలు పెట్టి బుద్ధి చెప్పాల్సొస్తోందని రాశారు. ఇక్కడ మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఆ క్లిప్పింగ్ అప్పుడే తిరిగేస్తోంది, దాని కింద పెట్టిన మాటలు చూశాక ఇంక ఊరుకోలేక రాస్తున్నా. నేను అట్లాంటా పక్కన ఆల్ఫారెట్టాలో ఉంటాను, ఫార్మసిస్టుని, హెచ్‌ఐవీ మందులూ, హెచ్‌ఐవీ రాకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్రలూ రోజూ నా చేతుల మీదుగానే వెళ్తుంటాయి, వాటి కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీ వ్యాసంలో విచ్చలవిడి అన్న ఆ కుర్రాళ్లే.

ముందు ఆ సగం సంగతి చెప్తాను. 2016 ఫిబ్రవరిలో బోస్టన్‌లో జరిగిన సదస్సులో సీడీసీ వాళ్లు, అంటే జబ్బుల నివారణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ వాళ్లు, ఒక అంచనా బయటపెట్టారు. 2009 నుంచి 2013 దాకా కొత్త కేసులు ఏ రేటున బయటపడ్డాయో ఇక ముందూ అదే రేటు సాగితే, నల్లజాతి గే, బైసెక్సువల్ మగవాళ్లలో ఇద్దరిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌ఐవీ బయటపడుతుందని లెక్క కట్టారు. అదే లెక్క లాటినో గే మగవాళ్లకి నలుగురిలో ఒకరు, తెల్లవాళ్లకి పదకొండు మందిలో ఒకరు. అంటే ఇవాళ సగం మందికి ఉందని కాదండి, ఇలాగే వదిలేస్తే అక్కడిదాకా పోతుందని చెప్పిన హెచ్చరిక అది. ఆ తేడా చిన్నది కాదు, ఎందుకంటే సగం మందికి ఆల్రెడీ ఉందంటే చదివేవాడు ఇంకేం చేస్తాంలే అని పేజీ తిప్పేస్తాడు, ఆపే అవకాశం ఉందంటే ఎలా ఆపాలి అని అడుగుతాడు.

ఇక అసలు బాధ రెండోదాని మీద. వాళ్ల నడవడిక బాలేదు కాబట్టి వాళ్లకి ఎక్కువ వస్తోంది అనేది వినడానికి ఎంత సులువుగా ఉంటుందో అంత తప్పు, ఇది నా అభిప్రాయం కాదు, దాదాపు ఇరవై ఏళ్లుగా పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలిన విషయం. సీడీసీలో పనిచేసిన గ్రెగోరియో మిల్లెట్, ఆయన టీమ్ 2006లో అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ ముందేసుకుని కూర్చుని, నల్లజాతి గే మగవాళ్లకి ఎందుకు ఎక్కువ వస్తోంది అని జనం చెప్పే కారణాలు ఒక్కోటీ పరీక్షించారు. 2007లో మళ్లీ లెక్కలు కలిపి చూశారు, 2012లో లాన్సెట్ జర్నల్లో అమెరికా, బ్రిటన్, కెనడా మూడు దేశాల డేటా పెట్టి చూశారు. ప్రతిసారీ తేలింది ఒకటే, కండోమ్ లేకుండా సెక్స్ విషయంలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఇంచుమించు ఒకేలా ఉన్నారు, పైగా నల్లవాళ్లలో పార్ట్‌నర్ల సంఖ్య తక్కువ, డ్రగ్స్ వాడకం తక్కువ. మరి తేడా ఎక్కడుంది అంటే, వేరే సుఖవ్యాధులకి టైముకి వైద్యం అందక అవి ఎక్కువగా ఉండటం, హెచ్‌ఐవీ ఉన్నా ఉన్నట్టు తెలియనివాళ్లు ఎక్కువ ఉండటం, తెలిసినా మందులు అందనివాళ్లు ఎక్కువ ఉండటం, ఇన్సూరెన్స్ లేకపోవడం, ఇవీ.

దీన్ని కొంచెం విడమర్చి చెప్పనివ్వండి, ఎందుకంటే మన డాక్టర్ ఫ్రెండ్స్‌కి కూడా ఇది వెంటనే ఎక్కదు. అట్లాంటాలో ఇద్దరు కుర్రాళ్లున్నారు అనుకోండి, ఒకడు తెల్లవాడు, ఒకడు నల్లవాడు, ఇద్దరికీ పాతికేళ్లు, ఇద్దరూ ఒకేలా జాగ్రత్తగా ఉంటారు, ఒకేలా అప్పుడప్పుడు అజాగ్రత్తగా ఉంటారు. ఇక్కడ మనుషులు ఎక్కువగా తమ జాతివాళ్లతోనే తిరుగుతారు, ప్రేమించుకుంటారు, అందులో సగం వాళ్ల ఇష్టం, సగం మిగతావాళ్లు వాళ్లని దూరం పెట్టడం. నల్లవాడు కలిసే మనుషుల్లో ఇప్పటికే వైరస్ ఉన్నవాళ్లు ఎక్కువ, వాళ్లలో మందు వాడుతూ వైరస్‌ని అదుపులో పెట్టుకున్నవాళ్లు తక్కువ. మందు సరిగ్గా వాడి వైరస్ టెస్టులో కనపడనంత తగ్గిపోతే సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదు, ఇది ఇప్పుడు పక్కాగా తేలిపోయిన విషయం, కానీ ఆ స్థితికి రావాలంటే డాక్టర్ ఉండాలి, మందు ఉండాలి, అది నెలనెలా ఆగకుండా రావాలి. ఒకే సైజు గొడుగు వేసుకుని ఇద్దరూ బయటికెళ్లినా ఒకడి వీధిలో చినుకులు, ఇంకొకడి వీధిలో జడివాన, తడిసినవాణ్ణి నీకు గొడుగు పట్టుకోవడం రాదు అంటే ఎలాగండి.

ఇది మా ఊళ్లోనే కొలిచి చూశారు. ఎమరీ యూనివర్సిటీ వాళ్లు అట్లాంటాలో 803 మంది గే, బైసెక్సువల్ మగవాళ్లని కొన్నేళ్లు ఫాలో అయ్యి 2015లో రిపోర్ట్ చేశారు. ఏడాదికి నూటికి నల్లవాళ్లలో 6.5 కొత్త ఇన్ఫెక్షన్లు, తెల్లవాళ్లలో 1.7. అందులో పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ల నల్ల కుర్రాళ్లని విడిగా చూస్తే నూటికి దాదాపు 11. ఏడాదికి పదకొండు అండి, ఇంటర్ అయిపోయి డిగ్రీ పూర్తయ్యే లోపల ఒక క్లాసులో ఎంతమంది అవుతారో మీరే లెక్కేసుకోండి. ఈ తేడా దేనివల్ల అని లోపలికెళ్లి చూస్తే రెండు కారణాలు గట్టిగా నిలబడ్డాయి, హెల్త్ ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నది ఒకటి, పార్ట్‌నర్లు ఏ జాతివాళ్లు అన్నది రెండోది. విచ్చలవిడితనం అందులో కారణంగా తేలలేదు.

ఇంక ఆ ప్రవర్తన కార్యక్రమాల సంగతి. వాటిని మీ వ్యాసం బుద్ధి చెప్పే క్లాసుల్లాగా రాసింది, అవి అలాంటివి కావండి. నిజానికి వాటిలో బాగా పనిచేసినవాటిని ప్రభుత్వం పైనుంచి దించలేదు, నల్లజాతి గే మగవాళ్లే తమ కోసం తాము తయారు చేసుకున్నారు. మొదట్లో ఎయిడ్స్ మీద వచ్చిన పోస్టర్లూ, పాంప్లెట్లూ, గ్రూపు మీటింగులూ అన్నీ తెల్ల గే పేటల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవే, బొమ్మల్లో కూడా వాళ్లే. చచ్చిపోతున్నవాళ్లు మాత్రం నల్లవాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో, బ్రూక్లిన్‌లో, ఓక్లాండ్‌లో కూడా ఉన్నారు. 1986లో న్యూయార్క్‌లో గే మెన్ ఆఫ్ ఆఫ్రికన్ డిసెంట్ అనే సంస్థ పుట్టింది, తర్వాత బ్రూక్లిన్‌లో పీపుల్ ఆఫ్ కలర్ ఇన్ క్రైసిస్, ఈ రెండూ రాచెస్టర్ యూనివర్సిటీ ట్రైనింగ్ సెంటర్‌తో కలిసి తయారు చేసిందే మెనీ మెన్ మెనీ వాయిసెస్ అనే కార్యక్రమం. ఏడు సెషన్లు, చిన్న గ్రూపు, ఒక్కోటీ రెండు మూడు గంటలు, నడిపేది వాళ్లలోంచి వచ్చినవాళ్లే.

నాకు తెలిసిన ఒకాయన ఇలాంటి గ్రూపులు చాలా ఏళ్లు నడిపాడు, ఇప్పుడు రిటైరయ్యాడు, ఆయన చెప్పింది విని నేను ఆశ్చర్యపోయాను. మొదటి సెషన్లో కండోమ్ ఊసే పెద్దగా రాదట. అంతా ఒకే విషయం, నల్లవాడిగా, గే మగవాడిగా రెండు రకాలుగా బతకడం ఎలా ఉంటుంది అని. చర్చి క్వయర్లో పాడే కుర్రాడొకడు చెప్పాడట, ఆదివారం పొద్దున పాస్టర్ గారు వాడిలాంటివాళ్లు నరకానికి పోతారని ప్రసంగిస్తుంటే వెనకాలే నిలబడి ఆ తర్వాత పాట అందుకోవాలి, అమ్మ ముందు వరసలో కూర్చుని ఆమెన్ అంటుంటుంది. సాయంత్రం గే క్లబ్‌కి పోతే అక్కడ డోర్ దగ్గర తెల్లవాడు లోపలికి పోతాడు, వీడి ఐడీ మాత్రం రెండుసార్లు చూస్తారు. అది చెప్తుంటే గదిలో మిగతావాళ్లంతా తలూపుతూనే ఉన్నారట, అందరూ ఎవరికి వాళ్లు నాకొక్కడికే అనుకున్నది అది. తర్వాతి సెషన్లలో ఒక్కో జబ్బు ఎలా అంటుతుంది, ఏ పనిలో రిస్క్ ఎంత, అవతలివాడు కండోమ్ వద్దంటే ఏమని చెప్పాలి, పెద్దవాడు, డబ్బున్నవాడు, ఇంట్లో ఉండనిస్తున్నవాడు వద్దంటే ఎలా చెప్పాలి, ఇవన్నీ ఇద్దరిద్దరు కూర్చుని నిజంగా మాట్లాడుకుని ప్రాక్టీస్ చేస్తారు. నాకైతే ఇది చాలా తెలివైన పని అనిపించింది. ఎందుకంటే రోడ్డు మీద పడతానేమో అన్న భయంలో ఉన్నవాడికి కండోమ్ వాడు నాయనా అని చెప్తే వాడికి తెలియని విషయమేం చెప్పినట్టు?

ఇది మాటలతో సరిపెట్టిన వ్యవహారం కూడా కాదు. న్యూయార్క్‌లో 338 మంది నల్లజాతి మగవాళ్లతో లాటరీ పద్ధతిలో రెండు గ్రూపులు చేసి, ఈ ఏడు సెషన్లని ఊరి బయట ఒక వీకెండ్ క్యాంపులో శుక్రవారం నుంచి ఆదివారం దాకా పెట్టి పరీక్షించారు, లియో విల్టన్, ఆయన టీమ్ 2009లో ఫలితాలు ప్రచురించారు. వెళ్లొచ్చినవాళ్లలో పరిచయం లేనివాళ్లతో కండోమ్ లేని సెక్స్ తగ్గింది, పార్ట్‌నర్లు తగ్గారు, టెస్ట్ చేయించుకోవడం పెరిగింది. అంతకు ముందే 1996లో జాన్ పీటర్సన్, ఆయనతో పనిచేసినవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 318 మంది నల్లజాతి గే, బైసెక్సువల్ మగవాళ్లతో చేసిన స్టడీలో మూడు సెషన్లకి వచ్చినవాళ్లలో కండోమ్ లేని సెక్స్ సగానికి పైగా తగ్గి, ఏడాదిన్నర తర్వాత కూడా అలాగే నిలబడింది.

నార్త్ కరొలినాలో చేసింది ఇంకో రకం. అంతకు ముందు 1990ల మొదట్లో మిసిసిపీ, లూసియానా చిన్న ఊళ్ల గే బార్లలో జెఫ్రీ కెల్లీ అనే సైకాలజిస్టు ఒక పద్ధతి మొదలుపెట్టాడు, బార్‌లో అందరూ ఎవరి మాట వింటారో బార్‌టెండర్లని అడిగి కనుక్కుని, ఆ కొద్దిమందికి ట్రైనింగ్ ఇచ్చి, స్నేహితులతో మామూలు కబుర్లలోనే జాగ్రత్తల మాట కలపమని పంపడం. దాన్ని నార్త్ కరొలినాలో నల్లజాతి కుర్రాళ్ల కోసం మార్చి డి-అప్ అని పేరు పెట్టారు. అందులో నాకు నచ్చింది ఏంటంటే నల్ల గే మగవాళ్ల మీద సమాజం వేసే ముద్రల గురించి, వాళ్లు తమ గురించి తాము తక్కువగా అనుకోవడం గురించి కూడా ఆ కబుర్లలో మాట్లాడాలి అని పెట్టారు, 2008లో వచ్చిన ఫలితాల్లో ఏడాది గడిచాక కూడా రిస్క్ తగ్గినట్టు కనపడింది. హైదరాబాద్‌లో, విజయవాడలో మన దగ్గర పీర్ ఎడ్యుకేటర్లు ఇన్నేళ్లుగా చేస్తున్న పని కూడా ఇలాంటిదే కదా, మనవాళ్లకి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాకూడదు.

ఇంకో మాట. మార్టిన్ లూథర్ కింగ్ అంటే మనకి ప్రాణం, మన స్కూలు పుస్తకాల్లో పాఠం. ఆయన పెద్ద స్పీచ్ ఇచ్చిన 1963 వాషింగ్టన్ మార్చ్‌ని దగ్గరుండి ఆర్గనైజ్ చేసింది బేయర్డ్ రస్టిన్, నల్లజాతి గే మనిషి, గాంధీ మార్గం నేర్చుకోవాలని 1948లో మన దేశం వచ్చి వెళ్లాడు. గే అన్న కారణంతో సొంత ఉద్యమంలోని పెద్దలే 1960లో ఆయన్ని పక్కకి తప్పించారు. బయట జాతి పేరుతో తోసేస్తారు, ఇంట్లో గే అని తోసేస్తారు, ఆ రెండూ కలిసి మనిషిని ఎక్కడ నిలబెడతాయో ఆ ఏడు సెషన్లలో మొదటిది దాని గురించే.

ఇప్పుడు నా కౌంటర్ దగ్గర చూసింది ఒకటి చెప్తాను. నేను ఇదివరకు పనిచేసిన ఒక ఫార్మసీలో, పేరు అనవసరం, సాయంత్రం లైన్ నిండా జనం. ఇరవై రెండు ఇరవై మూడేళ్ల నల్ల కుర్రాడు ప్రెప్ తీసుకోవడానికి వచ్చాడు, మొదటిసారి, ఫోన్లో ప్రిస్క్రిప్షన్ నంబర్ చూపించాడు, చాలా నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. కౌంటర్లో ఉన్నామె స్క్రీన్ చూసి మందు పేరు పైకి చదివి, ఇది హెచ్‌ఐవీది కదా, ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతి అడుగుతోంది, మీ డాక్టర్ ఫోన్ చేయాలి అని వెనకున్న వాళ్లందరికీ వినపడేలా చెప్పింది. లైన్లో ఎవరో కదిలారు, ఆ కుర్రాడు వెనక్కి చూడలేదు, సరే మేడమ్ థాంక్యూ అని వెళ్లిపోయాడు. నేను లోపల్నుంచి బయటికొచ్చేసరికి కారు స్టార్ట్ అయిపోయింది. అనుమతి రెండ్రోజుల్లో వచ్చింది, మెసేజ్ పెట్టాం, ఫోన్ చేశాం, ఆ బాటిల్ చాలారోజులు బిన్‌లో ఉండి మళ్లీ షెల్ఫ్ మీదకే పోయింది. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ ఎవరి ప్రవర్తన మారాలి? ఆ కుర్రాడు చేయాల్సిందంతా చేశాడు, క్లినిక్‌కి వెళ్లాడు, రక్తం ఇచ్చాడు, రాయించుకున్నాడు, పని అయ్యాక ఫార్మసీకొచ్చాడు.

అలాగని ప్రవర్తన కార్యక్రమాలే సర్వస్వం అని నేననడం లేదు, అవి ఎక్కడ ఆగిపోతాయో కూడా చెప్పాలి కదా. ఎక్స్‌ప్లోర్ అని ఆరు నగరాల్లో 4,295 మంది గే మగవాళ్లతో పెద్ద స్టడీ చేశారు, అందులో ఎక్కువమంది తెల్లవాళ్లే, ఒక్కొక్కరికీ విడివిడిగా పది సార్లు కౌన్సెలింగ్ ఇచ్చారు, మొదటి ఏడాది బాగానే తగ్గినట్టు కనపడి తర్వాత ఆ ప్రభావం కరిగిపోయింది, 2004లో ఫలితాలు వచ్చాయి. నార్త్ కరొలినాలో హెల్త్ ఎంపవర్‌మెంట్ అని ఫోన్లో వాడుకునే సైట్ ఒకటి 474 మంది నల్ల కుర్రాళ్లతో పరీక్షిస్తే మూడు నెలలకి కండోమ్ లేని సెక్స్ మూడో వంతు తక్కువగా ఉంది, ఆ తర్వాత తేడా నిలబడలేదు. మనిషి మారినా వాడి చుట్టూ ఏమీ మారకపోతే ఇంకేం అవుతుందండి. 2009లో మొదలైన బ్రదర్స్ అనే స్టడీలో ఆరు నగరాల్లో 1,553 మంది నల్లజాతి మగవాళ్లని చేర్చుకుని టెస్టులు, కౌన్సెలింగ్, దారి చూపించే తోటి మనుషులు, కండోమ్‌లు అన్నీ ఇచ్చినా ముప్పై లోపు కుర్రాళ్లలో ఏడాదికి నూటికి దాదాపు 6 కొత్త ఇన్ఫెక్షన్లు వచ్చాయి. ఆ నంబర్ చూశాకే చాలామందికి తెలిసొచ్చింది, మాటలూ మందులూ విడివిడిగా ఇస్తే లాభం లేదని.

ఆ తర్వాత చేసిన దాంట్లో రెండూ కలిపారు. 2013 నుంచి 2015 దాకా లాస్ ఏంజెలెస్, వాషింగ్టన్, చాపెల్ హిల్ ఊళ్లలో 226 మంది నల్లజాతి గే మగవాళ్లతో, నల్లజాతి పరిశోధకులే ముందుండి నడిపిన స్టడీ అది. ప్రెప్ వేసుకోవాలని ఎవర్నీ బలవంతం చేయలేదు, వేసుకోకపోయినా స్టడీలో ఉండొచ్చన్నారు. ఒక్కొక్కరితో కూర్చుని నీకేం కావాలి అని అడిగారు, ఒకడికి ఇల్లు సమస్య, ఒకడికి ఉద్యోగం, ఒకడికి ఇన్సూరెన్స్ ఫారం నింపడం రాదు, ముందు అది చూశారు. అలా చేస్తే 79 శాతం మంది తమంతట తామే ప్రెప్ మొదలుపెట్టారు. నల్లవాళ్లు మందులు నమ్మరు, వాళ్లకి చెప్పినా వినరు అని ఇక్కడ డాక్టర్లు కూడా అంటుంటారు, నమ్మకపోవడానికి వాళ్లకి కారణం ఉంది, అలబామాలో టస్కిగీ దగ్గర 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న 399 మంది నల్ల మగవాళ్లకి మందు వచ్చాక కూడా ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నది ప్రభుత్వ డాక్టర్లే. అయినా సరిగ్గా అడిగితే ఐదుగురిలో నలుగురు సరే అన్నారు.

మరి ఇంత తెలిసి కూడా ఎందుకు తగ్గట్లేదు అంటే డబ్బు, రాజకీయం. 2011 నుంచి ఫెడరల్ డబ్బు టెస్టులు, మందుల వైపు ఎక్కువగా మళ్లింది, అది తప్పని అనను, మందులు ప్రాణం నిలబెడుతున్నాయి, కానీ ఆ మందుల దాకా మనిషిని చేయి పట్టుకుని తీసుకొచ్చే గ్రూపులకి నిధులు సన్నగిల్లాయి. 2022 సీడీసీ లెక్కల్లో ప్రెప్ అవసరమైన తెల్లవాళ్లలో 94 శాతానికి అది రాసిచ్చారు, నల్లవాళ్లలో 13 శాతానికి. మా జార్జియాలో, పక్కన అలబామా, మిసిసిపీ, టెక్సాస్‌లో మెడికెయిడ్‌ని, అంటే పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌ని, ఇప్పటికీ పూర్తిగా విస్తరించలేదు, పిల్లల్లేని పేద కుర్రాడికి ఇన్సూరెన్స్ దొరకడం చాలా కష్టం, దేశంలో కొత్త ఇన్ఫెక్షన్లలో దాదాపు సగం దక్షిణ రాష్ట్రాలన్నీ కలిపితే అక్కడే. 2025 ఏప్రిల్ 1న సీడీసీలో, అది మా అట్లాంటాలోనే ఉంది, హెచ్‌ఐవీ నివారణ విభాగంలో పలు శాఖల సిబ్బందిని ఒక్కరోజులో ఇంటికి పంపేశారు, తర్వాత కొంతమందిని వెనక్కి పిలిచారు కానీ ఆ నమ్మకం మళ్లీ రాలేదు. ఈ ఒక్క రోజు గురించి మీ వ్యాసంలో ఒక్క లైన్ ఉన్నా నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు.

మనకెందుకీ గొడవ అని గ్రూపులో ఒక పెద్దాయన పెట్టారు, దానికీ చెప్తాను. 2019లో అమెరికా ప్రభుత్వం 2030 కల్లా హెచ్‌ఐవీని బాగా తగ్గించాలని 48 కౌంటీలని, అంటే మన జిల్లాల్లాంటివాటిని, ఎంచుకుంది, అందులో ఫుల్టన్, డెకాబ్, కాబ్, గ్వినెట్ నాలుగూ అట్లాంటావే. ఆల్ఫారెట్టా, జాన్స్ క్రీక్ ఫుల్టన్ కౌంటీలోవి, డులూత్, సువానీ గ్వినెట్‌వి, అంటే మన తెలుగువాళ్లు ఇళ్లు కొనుక్కుని, గుడి కట్టుకుని, పిల్లల్ని చదివించుకుంటున్న ఊళ్లే. మా పైనున్న ఫోర్సైత్ కౌంటీలో ఇప్పుడు ప్రతి వీధిలో తెలుగు వినపడుతుంది, 1912లో అక్కడ్నుంచి వెయ్యిమందికి పైగా నల్లవాళ్లని కొట్టి తరిమేశారు, ఆ తర్వాత డెబ్బై ఎనభై ఏళ్లు అక్కడ నల్లవాళ్లని నిలవనివ్వలేదు. ఆ నేల మీద బతుకుతూ నల్లవాళ్ల జబ్బుకి నల్లవాళ్లే కారణం అని ఫార్వర్డ్ చేస్తున్నాం మనం.

మందులది ఇంకా దగ్గరి చుట్టరికం. హెచ్‌ఐవీ మందుల ధర ప్రపంచమంతా పడిపోవడంలో హైదరాబాద్ కంపెనీల పాత్ర చాలా పెద్దది, అరబిందో, హెటెరో పేర్లు ఆఫ్రికాలో క్లినిక్‌ల్లో కూడా తెలుసు. ఇప్పుడు ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్ వచ్చింది, గే మగవాళ్లూ ట్రాన్స్ వ్యక్తులూ ఉన్న ట్రయల్లో అది వేసుకున్న 2,179 మందిలో ఇద్దరికే హెచ్‌ఐవీ వచ్చింది, 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని లిస్ట్ ధర ఇక్కడ ఏడాదికి 28,218 డాలర్లు. అదే మందుని డాక్టర్ రెడ్డీస్, హెటెరో 2027 నుంచి 120 దేశాల్లో ఏడాదికి 40 డాలర్లకి ఇస్తామన్నాయి, ఆ లిస్టులో అమెరికా లేదు. మన ఊళ్లో తయారయ్యే మందు నైరోబీ కుర్రాడికి అందుతుంది, అది మంచిదే, నా కౌంటర్ ముందు నిలబడే అట్లాంటా కుర్రాడికి ఆ ధరకి అందదు. ఆ ఇంజెక్షన్ అయినా ఆరు నెలలకోసారి క్లినిక్‌కి వెళ్లి వేయించుకోవాల్సిందే, అక్కడ రిసెప్షన్లో గట్టిగా పేరు చదివితే వాడు రెండోసారి రాడు. కాబట్టి ఆ ఏడు సెషన్లలాంటివి, తోటి మనిషి పక్కన కూర్చోవడం, ఫారం నింపిపెట్టడం, ఇవి ఇంజెక్షన్ వచ్చాక ఇంకా ఎక్కువ కావాలి.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది ఇదండి. ఆ సగం లెక్కకి వచ్చే ఆదివారమే సవరణ వేయండి, లోపలి పేజీలో మూలన కాకుండా వ్యాసం వచ్చిన చోటే వేయండి. విచ్చలవిడి అన్న మాట ఆన్‌లైన్ ఎడిషన్లోంచి తీసేయండి. పక్కన వేసిన ఫొటోలో చీకట్లో క్లబ్ బయట నిలబడ్డ నల్ల కుర్రాళ్ల మొహాలు కనపడుతున్నాయి, వాళ్లకి హెచ్‌ఐవీ ఉందో లేదో ఎవరికీ తెలీదు, అది కూడా తీసేయండి. ఈ విషయం మీద మళ్లీ రాయిస్తే నల్లజాతి పరిశోధకులు, ఆ గ్రూపులు నడిపినవాళ్లు ఏం చెప్తున్నారో తెలుసుకుని రాయించండి, మందుల పేర్లు, డోసులు, ధరలు సరిచూడాల్సి వస్తే నేను ఏ రాత్రయినా చూసిపెడతాను. అలాగే మన దగ్గర చదివే గే కుర్రాళ్ల కోసం ఒక చిన్న బాక్స్ వేయండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కౌన్సెలింగ్, టెస్టులు చేసే ఐసీటీసీ సెంటర్లలో హెచ్‌ఐవీ టెస్ట్ ఫ్రీ అని, వివరాలు గోప్యంగా ఉంచుతారని, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) హెల్ప్‌లైన్ నంబర్ 1097 అని, పాజిటివ్ వచ్చినా హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లో మందులు ఉచితమని. మీ వ్యాసం చదివి భయపడి టెస్టుకి వెళ్లడం మానేసినవాడు ఒక్కడున్నా వాడికి ఆ బాక్స్ కనపడాలి.

ఇట్లు,
ఒక తెలుగు ఫార్మసిస్టు
ఆల్ఫారెట్టా, జార్జియా